పటంలో బీడు, చేనులో జొన్న
(నారాయణఖేడ్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బుల్డోజర్ కన్నా ముందు పటం వస్తది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ కింద కంపెనీ ఇచ్చే నివేదికలో, ప్రాజెక్టు చుట్టూ పది కిలోమీటర్ల భూమిని ఉపగ్రహ చిత్రం చూసి విడదీస్తరు: ఇది సాగు, ఇది బీడు. మన నల్లరేగడిలో యాసంగి జొన్న, శనగ కోసం వానకాలం చేనును ఖాళీగా ఉంచుతం. ఆ నెలల్లో తీసిన చిత్రంలో అది బీడులెక్కనే కనిపిస్తది. చలికాలం వచ్చి చూస్తే అదే చేనులో నేల తేమకే జొన్న నిలబడి ఉంటది.

ఇది దూరం ముచ్చట కాదు. పక్కనున్న న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం 12 వేల ఎకరాలకు పైగా గుర్తించిండ్రు. 2022 జూలైలో బర్దీపూర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిండ్రు.

మన తండాలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేవు. పెసా గ్రామసభ హక్కు మనకు లేదు. అందుకే ఆ ప్రజాభిప్రాయ సభను వదులుకోవద్దు. నోటీసుకు, సభకు మధ్య కనీసం 30 రోజులుండాలె. ఆలోపు తెలుగు సారాంశం అడిగి తీసుకోండి. సర్వే నంబరు వారీగా ఏ నెలలో ఏ పంట, ఎక్కడ బావి, ఎక్కడ పశువుల మేత అన్నది మీరే పటం గీయండి. పంటల ఫొటోలు తేదీతో పెట్టండి. కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సభ చివర మన అభ్యంతరాలు మన భాషల చదివి వినిపించాలె, అది రూలు. వినిపించేదాకా లేవకండి.