కెన్ కేసీ: రంగుల బస్సు గురించి అందరికీ తెలుసు, ఇంకో బస్సు ఉంది

ఈరోజు ఒక అమెరికన్ నవలా రచయిత గురించి మాట్లాడుకుందాం. పేరు కెన్ కేసీ. ఈ పేరు వినకపోయినా పర్లేదు, 'వన్ ఫ్లూ ఓవర్ ద కుకూస్ నెస్ట్' సినిమా పేరు చాలామంది వినే ఉంటారు. ఆ కథ ఈయనదే.

ఈయన గురించి ఎక్కడ వెతికినా వచ్చేది ఒకటే: హిప్పీలు, ఎల్‌ఎస్‌డీ, రంగులేసిన బస్సు. అవన్నీ నిజాలే, కాదనను. కానీ నాకు బాగా గుర్తుండిపోయినవి వేరే రెండు. ఒకటి ఆయన చేసిన నైట్ డ్యూటీ. రెండోది ఇంకో బస్సు.

కేసీ 1935లో కొలరాడోలో పుట్టాడు, పెరిగింది ఆరెగాన్‌లో. పాల వ్యాపారం ఉన్న కుటుంబం. ఆరెగాన్ యూనివర్సిటీలో మంచి రెజ్లర్. అంటే మన భాషలో కుస్తీ వీరుడు. ఈ కుస్తీ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో దీంతో పనుంది. 1958లో రచన నేర్చుకోవడానికి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లాడు.

అక్కడ దగ్గర్లో మెన్లో పార్క్ అనే ఊళ్లో మాజీ సైనికుల ఆసుపత్రి ఉంది. కొత్త మందులు మనిషి బుర్ర మీద ఎలా పనిచేస్తాయో చూడటానికి డబ్బులిచ్చి వాలంటీర్లని తీసుకునేవాళ్లు. కేసీ చేరాడు. ఇచ్చిన వాటిలో ఎల్‌ఎస్‌డీ కూడా ఉంది. ఆ ప్రయోగాల వెనక సీఐఏ డబ్బు ఉందని తర్వాతెప్పుడో బయటపడింది. ఇదేదో వెబ్ సిరీస్ కథలా ఉంది కదా? నిజంగానే జరిగింది.

అయితే నాకు ముఖ్యం అనిపించింది ఆ తర్వాతి స్టెప్. అదే ఆసుపత్రిలో, మానసిక రోగుల వార్డులో, ఆయన నైట్ అటెండర్‌గా ఉద్యోగానికి చేరాడు. నేల తుడవడం, రోగులని కనిపెట్టుకుని ఉండటం, వాళ్లతో మాట్లాడటం. వీళ్లలో చాలామంది నిజంగా పిచ్చివాళ్లా, లేక బయట లోకం గీసిన గీతలో ఇమడలేక ఇక్కడికొచ్చారా అన్న డౌట్ ఆయనకి అక్కడే మొదలైంది.

నేను జాబ్ మానకముందు రెండేళ్లు నైట్ షిఫ్ట్ సపోర్ట్ చేశాను. రాత్రి మూడింటికి ఆఫీసులో మనుషులు వేరేగా మాట్లాడతారండి. పగలు గుడ్ మార్నింగ్‌తో ఆపేసే మనిషి, ఆ టైంలో టీ తాగుతూ ఇంట్లో అప్పుల గురించి చెప్తాడు. అందుకే ఆ డ్యూటీ లేకుండా ఈ నవల పుట్టేది కాదని నా నమ్మకం.

నవల 1962లో వచ్చింది. సినిమా చూసినవాళ్లకి జాక్ నికల్సన్ చేసిన మెక్‌మర్ఫీయే హీరో. కానీ నవలలో కథ చెప్పేది అతను కాదు, చీఫ్ బ్రామ్డెన్. సగం నేటివ్ అమెరికన్, కొండంత మనిషి, చీపురు పట్టుకుని వార్డంతా ఊడుస్తుంటాడు. చెవుడు, మూగ అని అందరూ అనుకుంటారు. అతను అది నటిస్తుంటాడు, అంతే. ఊడ్చేవాడి ముందు ఎవరూ గొంతు తగ్గించరు కదా! అందుకే ఆ వార్డులో జరిగేదంతా అతనికే తెలుసు.

ఈ పాత్ర పెయోటీ అనే మత్తిచ్చే కాక్టస్ తిన్నప్పుడు తట్టిందని కేసీయే చెప్పుకున్నాడు. చాలామంది ఈ ఒక్క లైన్ పట్టుకుని 'చూశావా, మత్తులోనే క్రియేటివిటీ' అంటారు. ఐడియా ఎక్కడైనా రావచ్చు బాస్. కోడ్ మాత్రం కూర్చుని రాయాలి, బగ్స్ మనమే సరిచేసుకోవాలి.

నవలలో లోపాల్లేవని కూడా అనను. ఆడవాళ్లని, నల్లజాతి అటెండర్లని రాసిన తీరు ఇప్పుడు చదివితే చాలాచోట్ల ఇబ్బందిగా ఉంటుంది.

1975లో సినిమా వచ్చింది. ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, స్క్రీన్‌ప్లే, ఈ ఐదు ఆస్కార్లూ కొట్టేసింది. కేసీ మాత్రం నిర్మాతల మీద కేసు వేశాడు. డబ్బు గొడవ ఉంది, కథని చీఫ్ గొంతులోంచి తీసేశారన్న కోపమూ ఉంది. సినిమా చూడనే లేదని చెప్పేవాడు. నాకు సినిమా చాలా ఇష్టం, అయినా ఈ విషయంలో ఆయన వైపే. మాటలు రావని అందరూ అనుకునే మనిషి చేత కథ చెప్పించడమే కదా నవలలో అసలు సంగతి!

ఇక ఆ ఫేమస్ బస్సు. 1964లో రెండో నవల 'సమ్‌టైమ్స్ ఎ గ్రేట్ నోషన్' వచ్చిన ఏడాది. 1939 నాటి పాత స్కూల్ బస్సు కొని, రంగులు పూసి, స్నేహితుల గుంపుతో కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్ బయల్దేరాడు. డ్రైవర్ నీల్ కాసడీ, కెరువాక్ నవల 'ఆన్ ద రోడ్'లో హీరోకి మూలం ఈయనే. అప్పటికి ఎల్‌ఎస్‌డీ మీద నిషేధం లేదు. తర్వాత గంజాయి కేసు, చచ్చిపోయినట్టు నాటకమాడి మెక్సికో పారిపోవడం, తిరిగొచ్చి కొన్ని నెలలు జైలు. ఈ భాగం మీద టామ్ వుల్ఫ్ ఏకంగా పుస్తకమే రాశాడు, కాబట్టి నేను ఆగను.

ఒక్క లెక్క మాత్రం చూడండి. రెండో నవల 1964. తను ఒక్కడే రాసిన తర్వాతి పెద్ద నవల 'సెయిలర్ సాంగ్' 1992. మధ్యలో 28 ఏళ్లు. వ్యాసాలు, చిన్న రచనలు వచ్చాయి, స్టూడెంట్స్‌తో కలిసి ఒక నవలా రాశాడు. కానీ ఆ మొదటి రెండు నవలల స్థాయి మళ్లీ రాలేదు. బస్సు వల్లేనా? ఖచ్చితంగా చెప్పలేం. బస్సుని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు ఈ 28 ఏళ్ల గురించి మాత్రం మాట్లాడరు.

జైలు తర్వాత ఆరెగాన్‌లో పొలం చూసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ ఉండిపోయాడు. కొడుకు జెడ్ కూడా తండ్రిలాగే ఆరెగాన్ యూనివర్సిటీ రెజ్లర్. 1984 జనవరిలో టీమ్ మ్యాచ్‌కి వెళ్తున్న వ్యాన్ రోడ్డు మీంచి కింద పడిపోయింది. జెడ్ చనిపోయాడు, ఇరవై ఏళ్లు. స్నేహితులు చేసిన పెట్టెలో పెట్టి, సొంత పొలంలోనే పూడ్చుకున్నారు. ఆ తర్వాత టీమ్‌కి సరైన బస్సు కొనడానికి కేసీ డబ్బిచ్చాడు.

నేను చెప్తానన్న ఇంకో బస్సు ఇదే. రంగుల బస్సేమో ఆ పొలంలోనే చెట్ల మధ్య బురద నేలలో ఏళ్ల తరబడి తుప్పు పట్టింది. 2001 నవంబర్‌లో కేసీ పోయాక, ఆయన్నీ ఆ పొలంలోనే పూడ్చిపెట్టారు.

సినిమా చూసేసినవాళ్లు నవల ఒక్క పాతిక పేజీలు చదివి చూడండి, చీఫ్ గొంతు వినిపిస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై అండీ.