ఆట మాన్పిస్తే ఎవరికి శిక్ష?

(ఆత్మకూర్ మహిళా సమావేశంలో చేసిన ప్రసంగం)



పిల్ల పెద్దమనిషి కాగానే మనం ఆట మాన్పిస్తాం. నా ఖోఖో కూడా అట్లాగే ఆగిపోయింది. అందుకే హైదరాబాదు జిమ్నాస్ట్ బుద్దా అరుణారెడ్డి సంగతి చెబుతాను.

ఆమెను మొదట కరాటేలో చేర్చింది తండ్రి. ఒంట్లో చురుకు చూసి జిమ్నాస్టిక్స్‌లో వేయమన్నారు గురువు. 2010లో తండ్రి పోయాడు. అయినా ఇంట్లోవాళ్లు ఆట మాన్పించలేదు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో, వాల్ట్‌లో 13.649 పాయింట్లతో కాంస్యం గెలిచింది. ప్రపంచకప్ జిమ్నాస్టిక్స్‌లో మన దేశానికి అదే తొలి వ్యక్తిగత పతకం. 2019లో మోకాలికి ఆపరేషన్ అయింది. 2021లో కైరోలో మళ్లీ రెండు స్వర్ణాలు తెచ్చింది.

అంతటి క్రీడాకారిణి 2022లో, ఫిట్‌నెస్ పరీక్షప్పుడు తన అనుమతి లేకుండా వీడియో తీశారని ఫిర్యాదు చేయవలసి వచ్చింది. విచారణకు కమిటీ వేశారు. పతకం ఉన్న పిల్ల కాబట్టి పేపర్లో పడింది. మన బడిపిల్ల చెబితే ఎవరు వింటారు?

"అందుకే పంపొద్దన్నాం" అంటారు కొందరు. తప్పు ఎవరో చేస్తే పిల్లను ఇంట్లో కూర్చోబెట్టడం ఏం న్యాయం? ఆడుకోవడం ఆమె హక్కు. వద్దనడమూ ఆమె హక్కే. ప్రతి బడిలో పిల్లల ఫిర్యాదు వినే స్త్రీ ఒకరుండాలని మనం గట్టిగా అడుగుదాం. అంతకన్నా ముందు, మన పిల్ల చెప్పింది మనం నమ్ముదాం.