రాజా–జిక్కి: జంటపేరు మాటున రెండు గాన జీవితములు



ఏ.ఎం. రాజా, జిక్కి దంపతుల స్మారకోపన్యాసము చేయుటకు నన్ను పిలిచిన ఈ సభవారికి కృతజ్ఞుడను. పిలుపు వచ్చినంతనే అంగీకరించితిని. ఏలయన చిరకాలముగా పత్రికలలోను సభలలోను ముక్కలుముక్కలుగా వాదించుచు వచ్చిన ఒక విషయమును ఆమూలాగ్రముగా విన్నవించుకొనుటకు ఇంతకన్న తగిన వేదిక నాకు దొరకదు.

ఆ దంపతులయెడ నాకుగల ఋణమును రెండు మాటలలో చెప్పి ముందునకు పోయెదను. మా తల్లిగారు అరుగుమీద కూర్చుండి బియ్యము చెరుగునపుడు 'రోజులు మారాయి' చిత్రములోని ఏరువాక పాటను పాడుకొనెడివారు. చేట ఎగిరి దిగు లయకును ఆ పాట నడకకును చక్కగా పొత్తు కుదిరెడిది. ఆ పాట పాడిన ఆమె పేరేమని అడిగినచో, "రాజాగారి భార్య" అనియే మా తల్లిగారు చెప్పెడివారు. ఈనాటి నా వాదమంతయు ఆ సమాధానముతోడనే.

వారి జీవితరేఖలు మీకు తెలిసినవే. ఇరువురును అప్పటి చిత్తూరు జిల్లావారే. ఏమల మన్మథరాజు రాజా రామచంద్రాపురమున జన్మించి, మదరాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, 1951లో జెమినీవారి తమిళ 'సంసారం'తో నేపథ్య గాయకుడైనాడు. 'విప్రనారాయణ', 'మిస్సమ్మ', 'పెళ్లికానుక' చిత్రముల పాటలను ఇచ్చట కొత్తగా వర్ణింపబనిలేదు. పిల్లవాలు గజపతి కృష్ణవేణి చంద్రగిరిలో పుట్టినది, ఆమెయే జిక్కి. ఇరువురి పేళ్లును కలసి ఒకే పేరైన వైనము కూడ అందరెరిగినదే.

ఆ కలసిన పేరుతోడనే చిక్కు వచ్చినది. ఈ దంపతుల గానజీవితపు మైలురాళ్లను లెక్కపెట్టువారు మొదటి రాయిని 1951లో పాతెదరు, కడపటి రాయిని 1989లో, అనగా రాజా రైలు ప్రమాదమున మరణించిన యేట, పాతెదరు. ఇది రాజా జీవితమునకు సరియైన కొలత. జిక్కి జీవితమునకు కాదు. గూడవల్లి రామబ్రహ్మము 'పంతులమ్మ'ను తీసిన 1943 నాటికే ఆమె తెరమీద కనబడి పాడిన బాలగాయని. అనగా రాజాకంటె ఎనిమిది సంవత్సరముల ముందే ఆమె ఈ వృత్తిలో ప్రవేశించినది. పిదప వచ్చిన వ్యక్తి ప్రవేశదినమును ముందే ఉన్న వ్యక్తికి జన్మదినముగా నిర్ణయించుట ఏ చరిత్ర పద్ధతియో నాకు అవగతము కాలేదు.

దీనికి ప్రతివాదులు చెప్పు మొదటి సమాధానము, బాల్యమున పాడినది వృత్తిక్రింద లెక్కింపరాదనుట. వారు 1948 నాటి తమిళ 'జ్ఞానసౌందరి'ని ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనవలయును. అందు మేరీమాతను ప్రార్థించు పాట బాలికయైన జ్ఞానసౌందరి నోట ఆరంభమై, ఆ పాట సాగుచుండగనే బాలిక యువతియగును. బాలిక గొంతు జిక్కిది, యువతి గొంతు పి.ఎ. పెరియనాయకిది. కథలోని కొన్ని సంవత్సరములు ఒక పాట నడుమ గడచిపోవుట ప్రేక్షకుడు నమ్మవలెనన్నచో, మొదటి గొంతు శ్రుతిలోను భావములోను రెండవ గొంతునకు సరిసమానముగ నిలువవలయును. ఆ నాటికే పేరుపొందిన గాయని ఎదుట ఆ భారమును సంగీతకర్త ఒక బాలికపై నుంచెను. బరువైన కార్యమును నమ్మి అప్పగించినపుడు దానిని వృత్తి యనకుండుట ఎట్లు?

రెండవ సమాధానము మరికొంత బలమైనది. ఆ తొలినాళ్ల రికార్డులపై ఆమె పేరు అరుదుగా కనబడునని వారందురు. ఇది వాస్తవమే. కాని లేబిలుపై పేరు లేనంతమాత్రమున గాయని లేదని తీర్మానించుట ఆ కాలపు ఆచారము నెరుగని తొందరపాటు. 1949లో వచ్చిన హిందీ చిత్రము 'మహల్' రికార్డుపై లతా మంగేష్కరు పేరునకు మారుగా 'కామిని' అని పాత్ర పేరును అచ్చువేసిన సంగతి సుప్రసిద్ధము. లతకే అట్లు జరిగినపుడు చంద్రగిరి బాలికకు జరుగుటలో వింత యేమున్నది? తెలుగున మరియొక చిక్కు గూడ కలదు. 1949 నాటి 'మనదేశం' నిర్మించిన సి. కృష్ణవేణి నటియే గాక గాయని కూడ. జిక్కి యసలు పేరును కృష్ణవేణియే. ఇంటిపేరు లేని 'కృష్ణవేణి' యను నామము కనబడినపుడు అది యెవరిదో తేల్చవలసినది చెవియే; ఆ శ్రమ కోర్వనివారు ప్రసిద్ధురాలి ఖాతాలో వేసి ఊరకుండిరి.

మూడవదానిని వాదమన రాదు, అది తేలికపాటి మాట. రాజాది శాస్త్రీయమైన మృదుత్వమట, జిక్కి గొంతు హుషారు పాటలకును పల్లెపదములకును మాత్రమే యొప్పునట. 'సువర్ణసుందరి' (1957)లో ఆదినారాయణరావు కూర్చిన యుగళగీతము సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ అను నాలుగు రాగముల మాలిక. హిందీ చిత్రమున దానికి లతయు, మహమ్మద్ రఫీయు కావలసివచ్చిరి. తెలుగున ఘంటసాల ప్రక్క నిలిచి ఆ నాలుగు రాగములను దాటినది జిక్కియే. రాగము మారుచోట ఆమె తారస్థాయికి పోవుచు గొంతు బిగింపదు, గమకమును నలుగనీయదు. వినువాడు రాగము మారినదని గ్రహించునప్పటికి ఆమె క్రొత్త రాగపు జీవస్వరము మీద హాయిగా నిలిచి యుండును. 'అనార్కలి' (1955)లో ఆమె విషాదమును మోసిన తీరును విన్నవారు హుషారను మాటను మరల ఎత్తుటకు సిగ్గుపడవలయును. పల్లెపదము తక్కువదను భావమే తప్పు. మాస్టర్ వేణు స్వరపరచగా, కొసరాజు వ్రాయగా, జిక్కి పాడిన ఆ ఏరువాక పాట వరుసయే 1960లో 'బంబయి కా బాబు' హిందీ చిత్రమున ఎస్.డి. బర్మన్ చేతిలో ఆశా భోంస్లే పాటగా వినిపించినది.

నేను చూపిన పాటలలో ఏదియు రాజాతో కలసి పాడినది కాదని మీరు గమనించియే యుందురు. అట్లే 'మిస్సమ్మ'లో రాజా స్వరమునకు జతయైనది పి. లీల స్వరము, 'విప్రనారాయణ'లో భానుమతి స్వరము. మైక్రోఫోనునకు అతి సమీపమున నిలిచి, మాటాడినంత నెమ్మదిగా పాడి, రామారావు, నాగేశ్వరరావుల వంటి నాయకుల నోటికి ఆ నెమ్మదిని తగిలించిన రాజా ఘనత ఎవరును కాదనలేనిది. ఆతడు తన త్రోవను తాను నడచినాడు, ఆమె తన త్రోవను తాను నడచినది.

అయినను ఈ దంపతులు కలిసి సాధించినది లేదని నా భావము కాదు. రాజ్‌కపూర్ 'ఆహ్' చిత్రము 1953లో 'ప్రేమలేఖలు'గా తెలుగునకు వచ్చినపుడు ఇరువురును అందు పాడిరి. కాని నా దృష్టిలో వారి ఉమ్మడి శిఖరము యుగళగీతము కాదు. 1959 నాటి తమిళ చిత్రము 'కల్యాణ పరిసు'నకు రాజా సంగీతకర్త; సంగీత మహిమను గానము చేయు పాటను ఆతడు జిక్కికి అప్పగించెను. స్వరకర్తగా భర్త, స్వరముగా భార్య: ఒకరి తెలివికి మరియొకరి గొంతు ప్రమాణమైన చోటు అది. ఈ చిత్రమే మరుసటి యేట 'పెళ్లికానుక'గా తెలుగువారికి అందినది.

ఇక 1989 తరువాతి మాట. భర్త మరణముతో ఆమె గానము ముగిసినదని వ్రాసినవారును కలరు. 1991లో 'సీతారామయ్యగారి మనవరాలు' చిత్రమున కీరవాణి స్వరపరచిన పెండ్లిపాటలో చిత్రతో కలసి జిక్కి పాడినది. పదునెనిమిది వత్సరముల పడుచు పాట కాదది, వృద్ధురాలి గొంతుతో వృద్ధురాలికే తగిన పాట. ఆమె 2004లో మరణించినది. కావున ఆమె గానజీవితము భర్త గానజీవితమునకు ముందును కలదు, వెనుకను కలదు.

ఈ తగవును ఇట్టి సభలలో మాటలతో తీర్చుట అసాధ్యమని గ్రహించియే నేనిపుడు ఒక పట్టికను సిద్ధపరచుచున్నాను. తెలుగు చిత్రములలో పాడిన స్త్రీల గొంతులను 'పంతులమ్మ' నాటినుండి కాలక్రమమున గుర్తించి, లక్క రికార్డు లేబిలును, చిత్రశాలలయందు అమ్మిన పాటల పుస్తకమును, తెరమీది నామావళిని పక్కపక్కన నుంచి, మూడింటికిని పొత్తు కుదరని చోట ఆ సంగతిని నమోదు చేయుట దీని పద్ధతి. ఇందు ఏ గాయనిని భర్త పేరిట చేర్చను. జిక్కి పుట 1943తో మొదలగును. రాజా పుట వేరు. యుగళగీతములు రెండు పుటలలోను ఉండును. పాటల పుస్తకములు చవుక కాగితముపై అచ్చైనవి, మడతచోట చినిగిపోవును. 78 వేగపు రికార్డు చేయిజారిన పగులును. మీ అటకలమీద, పాత పెట్టెలలో 1943 మొదలు 1951 వరకుగల పుస్తకము గాని, రికార్డు గాని యున్నచో, లేబిలు భాగము కనబడునట్లు ఛాయాచిత్రము తీసి ఈ సభ కార్యదర్శి వద్ద ఇచ్చినను చాలును. 'కృష్ణవేణి' అని మాత్రమే అచ్చైనవి ముందుగా కావలయును.