చచ్చిన కుదువ: ‘మార్ట్‌గేజ్’ అనే మాట కథ



1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల సేకరణతో ఆగలేదు. కచేరీల్లో నలిగే మాటల కోసం 1852లో జిల్లా నిఘంటువును, తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాల కోసం 1854లో మిశ్రభాషా నిఘంటువును అచ్చువేయించాడు. ఆయన స్మృతిలో ఈరోజు ఒక్క మాటే ఎత్తుకుంటాను.

కేసీ కాలువ కింద మడి ఉన్న చాపాడు రైతు బ్యాంకులో అప్పుకు పోతే ‘పొలం మార్ట్‌గేజ్ చేయాల’ అంటారు. ఇంట్లో మనం అనేది కుదువ. ప్రొద్దుటూరులో నగ పెట్టినా కుదువే.

మరి ఈ మార్ట్‌గేజ్ ఎక్కడిది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాలకుల ఫ్రెంచి క్రమంగా న్యాయస్థానాల్లోనూ పాతుకుంది. కోర్టు, జడ్జి, అప్పీలు ఆ దారినే వచ్చాయి. మార్ట్‌గేజ్ కూడా. పాత ఫ్రెంచిలో ‘మోర్ట్’ అంటే చచ్చిన, ‘గాజ్’ అంటే కుదువ. ఆ మోర్ట్, మన ‘మృత’ శబ్దం ఒకే మూలంలోవి. ఆసుపత్రి మార్చురీ కూడా ఆ వంశానిదే.

కుదువ చావడమేమిటి? 12వ శతాబ్దం చివర గ్లాన్విల్ పేరుతో వెలసిన న్యాయగ్రంథం కుదువను రెండుగా విడదీసింది. పొలం అప్పిచ్చినవాడి చేతిలో ఉన్నా, పంట రాబడి బాకీకి జమ అవుతుంటే అది బతికిన కుదువ. రాబడంతా వాడే తిని, బాకీ పైసా తగ్గకపోతే చచ్చిన కుదువ. 15వ శతాబ్దంలో ఇంగ్లీషు న్యాయమూర్తి లిటిల్టన్ మరో అర్థం చెప్పాడు: గడువుకు కట్టకపోతే పొలం బాకీదారుకు చచ్చినట్టు, కట్టేస్తే అప్పిచ్చినవాడికి చచ్చినట్టు. నా మనసు మొదటిదానికే ఒప్పుకుంటుంది. భోగ్యం కాగితం రాసిచ్చిన ఇల్లు చూడండి. అప్పిచ్చినవాడు మడి దున్నుకుంటాడు, వడ్లు వడ్డీ కింద పోతాయి, అసలు అసలుగానే ఉంటుంది. గ్లాన్విల్ చెప్పింది ఇదే.

మన చట్టం ఇంత నిర్దయగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను, బాకీ తీర్చి పొలం విడిపించుకునే హక్కు రైతుకిచ్చింది. ఆ హక్కు వదులుకున్నానని కుదువ కాగితంలోనే రాయించుకున్నా చెల్లదని కోర్టులు తేల్చాయి. ఈ సంగతి తెలియక భూమి మీద ఆశ వదులుకునేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కాగితంలో ఏముందో తెలియని ఈ బాధ మనదే కాదు. ఇంగ్లండు ప్రజలకూ కోర్టుల్లోని ఆ ఫ్రెంచి అర్థం కాలేదు. వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్నీ ఫ్రెంచిలోనే రాశారు. కోర్టు రాతలు పూర్తిగా ఇంగ్లీషులోకి రావడానికి 1733 దాకా పట్టింది. తెలుగును అధికార భాష చేస్తూ మనం 1966లో చట్టం చేసుకున్నాం. అప్పు కాగితం దగ్గర మాత్రం రైతు ఇప్పటికీ ఇంగ్లీషు చదవగలిగినవాడి మొహం చూడాల్సి వస్తోంది.

యువ వకీళ్లకు, బ్యాంకు ఉద్యోగులకు నా విన్నపం. అసలెంత, వడ్డీ ఎంత, కుదువ ఎలా విడిపించుకోవాలో తెలుగులో రాసి, చదివి వినిపించి, ఒక ప్రతి రైతు చేతికివ్వండి. రైతు సోదరులారా, ఆ ప్రతి చేతికి రానిదే వేలిముద్ర వేయకండి.