పూలమొక్కలు – పురుగుల పీడ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)

 

ఇరువదియైదేండ్లుగా మన వైరా గ్రంథాలయమున పుస్తకములతోపాటు పూలమొక్కలును పెరిగినవి. నేను లెక్కలు వ్రాసుకొనువాడను, శాస్త్రజ్ఞుడను కాను. అయినను ఆ మొక్కల విషయమున నేను చేసిన తప్పొకటి మీకు విన్నవింపవలసియున్నది.

మన వాకిట రెండు మందారములున్నవి. ఒకటి ఒంటిరేకది, రెండవది ముద్దమందారము. నేల యొకటే, నీరొకటే. పిండినల్లి మాత్రము ముద్దమందారమునే పట్టినది. పెరికివేయుదమని కొందరనిరి. నేను తొందరపడి ఘాటైన మందు కొట్టించితిని. పిండినల్లి ఒంటిపైనున్న మైనపు పూత మందును అంటనీయలేదు. దానిని తిను అక్షింతల పురుగులు మాత్రము చచ్చినవి. నెల తిరుగక మునుపే పీడ ఇనుమడించినది.

ఒకే జాతిలో ఒక రకము నిలుచుట, మరొకటి లొంగుట యేల? అమెరికా కీటక శాస్త్రజ్ఞుడు రెజినాల్డ్ పెయింటర్ 1951లో ప్రకటించిన గ్రంథమున దీనిని మూడు విధములుగా విభజించెను. కొన్ని రకములు పురుగునకు రుచింపవు. కొన్నింటిని తిన్న పురుగు వృద్ధిచెందదు. కొన్ని పురుగు తినినను తిరిగి చిగిర్చును. ముద్దపూవు మడతలు పురుగునకు దాగుచోటైనవని నాకు తోచినది.

అయితే అన్నిటిని తట్టుకొను మొక్క లేదు. మన ప్రత్తి చేలనే చూడుడు. ఆకుపై నూగు దట్టముగా నున్న రకమున పచ్చదోమ నిలువజాలదు. ఆ నూగే తెల్లదోమకు ఆశ్రయము. పశువు ముట్టని గన్నేరు విషపు రసమునే పీల్చి పసుపుపచ్చని పేను బ్రదుకును.

2021లో మన ఖమ్మం మిరపతోటలను నల్ల తామరపురుగు పాడుచేసిన సంగతి మీరెరుగుదురు. అది పూలలో దాగును. అలంకారపు మొక్కలకును శత్రువే. మందుపై మందు కొట్టి అప్పులపాలైన రైతుల గోడు మనము విన్నదే. కనుక పెరటి పూవును ఉపేక్షింపరాదు.

నా మనవి యిది. ఒకే రకముతో ఆవరణ నింపక పలురకములు నాటుడు. పురుగు పట్టిన కొమ్మను తొలుతనే కత్తిరించి కాల్చుడు. పిండినల్లిని కాపాడు చీమలను చెట్టెక్కనీయకుడు. వేపగింజల కషాయము 5 శాతముగా చల్లుడు. తామరపురుగులకు నీలిరంగు జిగురు అట్టలు కట్టుడు.

ముద్దమందారమును మేము పెరుకలేదు. కొమ్మలు కత్తిరించి, చీమలను ఆపితిమి. అక్షింతల పురుగులు మరల వచ్చినవి. నేటి ఉదయము సరస్వతీదేవి పటమునకు పెట్టిన పూవు ఆ చెట్టుదే.