జర్మనీలో ఉద్యోగము – భాష సంగతి
(యువజనుల కూటములో చేసిన ప్రసంగము)



జర్మనీకి వెళ్లదలచిన మన పిల్లలకు అక్కడి భాషను గురించి నాలుగు మాటలు చెప్పుమని పెద్దలు కోరినారు. మేము ఆ దేశపు ఆసుపత్రులలో నర్సులుగా పనిచేసినవారము. పండితులము కాము. వ్యాకరణము మీకు పాఠము చెప్పేవారే బాగా చెప్పగలరు. భాష చాలక ఎక్కడ చిక్కు వస్తుందో, అది మాత్రము మేము చెప్పగలము.

తలిదండ్రులు మొదట అడిగే ప్రశ్న, "అక్కడ ఇంగ్లీషు చెల్లదా అమ్మా?" అని. కొందరికి చెల్లుతుంది. కంప్యూటరు పనివారికి ఇచ్చే బ్లూ కార్డుకు జర్మన్ పరీక్ష అడగరు. 2024 జూన్ నుండి ఛాన్సెన్‌కార్టె అని, అక్కడికి పోయి ఉద్యోగము వెదకుకొనుటకు ఒక అనుమతి ఇస్తున్నారు. మన డిగ్రీతో దానికి దరఖాస్తు పెట్టేవారికి జర్మన్‌లో ఏ1 గాని, ఇంగ్లీషులో బి2 గాని ఉంటే భాష షరతు తీరుతుంది. అయినా ఇంగ్లీషుతో చేరినవారిని కూడా భాష విడిచిపెట్టదు. బ్లూ కార్డువారికి ఏ1 ఉంటే 27 నెలలకు, బి1 ఉంటే 21 నెలలకే స్థిర నివాసము దొరుకుతుంది.

రోగి మంచము పక్కన నిలబడేవారి సంగతి వేరు. భాషను ఏ1 మొదలు సి2 వరకు ఆరు మెట్లుగా విభజించినారు. నర్సు చదువుకు గుర్తింపు రావాలంటే సాధారణంగా నాలుగవ మెట్టు, అంటే బి2, అడుగుతారు. డాక్టర్లకు అది గాక వైద్య భాషలో వేరొక పరీక్ష. గుర్తింపు కాగితము చేతికి వచ్చేవరకు నర్సు అక్కడ సహాయకురాలే. జీతము కూడా సహాయకురాలి జీతమే. భాష ఎంత ఆలస్యమైతే ఇంటికి పంపే డబ్బు అంత తగ్గుతుంది. మూడు నెలలలో బి2 చేయిస్తామని డబ్బు గుంజేవారి మాట నమ్మకండి. హైదరాబాదులో గోయెథె సెంట్రుమ్, చెన్నైలో మాక్స్‌ముల్లర్ భవన్ ఉన్నవి. వారి బి1, బి2 పరీక్షలలో చదవడము, వినడము, వ్రాయడము, మాట్లాడడము నాలుగు భాగాలు. ఒక్కొక్క దానిలో 100కి 60 రావాలి. తప్పిన భాగము మట్టుకే తిరిగి వ్రాయవచ్చు.

మన తెలుగువారికి ఈ భాషలో కొన్ని సుళువులు ఉన్నవని ఎవరూ చెప్పరు. "ఇహ్ వైస్, దస్ డేర్ ఆర్ట్స్ట్ మోర్గెన్ కొమ్ట్" అంటారు. "డాక్టరుగారు రేపు వస్తారని నాకు తెలుసు" అని అర్థము. అందులో వచ్చుట అనే క్రియ వాక్యము చివరకు పోయి కూర్చున్నది. ఇంగ్లీషువారికి అది తలనొప్పి. మనకు పుట్టినింటి అలవాటు. మూరెడు పొడుగు మాటలు చూచి బెదరనక్కరలేదు. క్రాంకెన్‌ఫెర్‌జిహెరుంగ్ అంటే క్రాంకెన్, రోగులు, ఫెర్‌జిహెరుంగ్, బీమా. బడిలో సమాసాలు విడదీసినట్లు విడదీయడమే.

మీరు, నువ్వు అనే భేదము కూడా వారికున్నది. జీ, డూ అని. కాని వాడుక మనది కాదు. తోటి పనివారిలో పెద్దవారు ముందుగా "డూ అనుకుందాము" అంటారు. అన్న తరువాత యాభై అయిదేళ్ల హెడ్ నర్సునైనా పేరు పెట్టి పిలవాలి. మన నోరు రాదు. అయినా పిలవకపోతే దూరము పెట్టినట్లు అనుకుంటారు. రోగి దగ్గర ఇది తలక్రిందులు. ఇక్కడ ముసలమ్మను అవ్వా అని పిలిస్తే ప్రేమ. అక్కడ ఓమా అని పిలిస్తే చులకన చేసినట్లు. ఫ్రావ్ అని చేర్చి ఇంటిపేరుతోనే పిలవాలి, జీ అనే మాట్లాడాలి.

ఇక ప్రమాదము ఉన్న చోట్లు. హాల్ప్ ద్రై అని గంట చెపుతారు. హాల్ప్ అంటే అర, ద్రై అంటే మూడు. మనవారికి మూడున్నర అని తోస్తుంది. అది రెండున్నర! రెండున్నరకు ఇవ్వవలసిన మందు మూడున్నరకు ఇస్తే ఏమవుతుందో నర్సులకు వేరే చెప్పనక్కరలేదు. అంకెలు ఇంకా కష్టము. 24ను నాలుగు-ఇరువది అని, 42ను రెండు-నలువది అని పలుకుతారు. సంస్కృతములో చతుర్వింశతి అన్నట్లే. పుస్తకములో చూస్తే నవ్వు వస్తుంది. ఇన్సులిన్ 24 యూనిట్లని టెలిఫోనులో చెప్పినప్పుడు నవ్వు రాదు. అంకెలను కాగితము మీద గాక చెవితో నేర్వండి. ఇంటిలో ఎవరినైనా అంకెలు చదువుమని, విని వ్రాసుకొనుడి.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇది. మన పిల్లలు మర్యాదస్థులు. పెద్దవారు చెప్పినది అర్థము కాకపోయినా తల ఊపుతారు. అక్కడ "యా" అన్నారంటే అర్థమైనదని, ఆ పని జరుగుతుందని లెక్క. డ్యూటీ మారేటప్పుడు రోగుల సంగతి ఒకరికొకరు అప్పగిస్తారు, యూబెర్‌గాబె అంటారు. గబగబా, ఆ ప్రాంతపు యాసతో, సగము మాటలు మింగి చెపుతారు. బి2లో ఎన్ని మార్కులు వచ్చినా మొదటి నెలలలో అంతా అందదు. అప్పుడు "ఇహ్ హాబె దస్ నిహ్ట్ ఫెర్‌ష్టాండెన్", నాకది అర్థము కాలేదు, అనండి. విన్నదానిని తిరిగి మీ నోటితో చెప్పి సరిచూచుకొనండి. పదిసార్లు అడిగితే విసుగుకొనేవారు ఉంటారు, నిజమే. విసుగు ఆ పూటతో పోతుంది. తప్పు మందు అట్లు పోదు. వారు "దస్ ఇస్ట్ ఫాల్ష్", అది తప్పు, అని మొగము మీదనే అంటారు. తిట్టు కాదు, పనిని గురించిన మాట.

ఉద్యోగపు కాగితాలలో ఒకటి చెప్పి ముగిస్తాము. పని మానేటప్పుడు యజమాని సర్టిఫికేటు వ్రాసి ఇవ్వాలి, అది చట్టము. అందులోని పొగడ్తకు మెట్లున్నవి. "ష్టేట్స్ త్సు ఉన్‌జెరర్ ఫోల్‌స్టెన్ త్సుఫ్రీడెన్‌హైట్", ఎల్లప్పుడును మాకు సంపూర్ణ తృప్తి, అంటే మొదటి తరగతి. ఉత్త "మాకు తృప్తి" అని ఉంటే అత్తెసరు మార్కులని అర్థము. "ప్రయత్నము చేసినది" అని వ్రాస్తే చేతకాలేదని చెప్పినట్లే. చూచి మురిసిపోక, భాష బాగుగా తెలిసినవారి చేత చదివించి, అవసరమైతే మార్చుమని అడగండి.

ఇంకొక అరగంట వ్యవధి ఉన్నది. ఊ అన్నట్లు పెదవులు ముడిచి ఈ అని పలికే అచ్చు ఒకటి మన అక్షరమాలలో లేదు. దానిని పలికించుటకు పిల్లలను ముందు వరుసలోనికి రమ్మంటున్నాము. పెద్దలు ప్రశ్నలుంటే చీటీ వ్రాసి పంపండి.