తీగచుట్టలో దిశ
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

ఉన్నత పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనలలో విద్యార్థులు స్వహస్తములతో నిర్మించు పరికరములలో టెస్లా కాయిల్ ఒకటి. తీగ తగిలింపకయే ట్యూబులైటు వెలుగుట చూచి పెద్దలు సైతము ఆశ్చర్యపడుదురు. నికోలా టెస్లా 1891లో దీనిని రూపొందించెను. పొలములకు నీరు తోడు ఇండక్షను మోటారుకు 1888లో పేటెంటు పొందినదియు ఆయనయే. ఇట్టి ప్రదర్శనకు మీ అనుమతి కోరినపుడు, “తీగ తప్పు దిశలో చుట్టినచో ప్రమాదమా?” యను సందేహము కలుగవచ్చును. దానిని తీర్చుటయే మా ఉద్దేశము.

ఇందు రెండు చుట్టలుండును. మొదటిది లావు తీగతో కొద్ది చుట్లు. రెండవది ఎనామెల్ పూత గల సన్నని రాగితీగతో ప్లాస్టికు గొట్టముపై కొన్ని వందల చుట్లు. రెండవ చుట్టను ఏ దిశలో నారంభించినను దోషము లేదు. కాని ఆరంభించిన దిశను తుదివరకు మార్చరాదు. తాడు పేనునపుడు నడుమ పురి మార్చినచో ముందు వేసిన పురి వీడును గదా! అట్లే నడుమ దిశ మారినచో, ముందు చుట్లలో పుట్టిన వోల్టేజిని తరువాతి చుట్లు తగ్గించివేయును.

రెండు చుట్టలును ఒకే దిశలో నుండవలెనా? నిప్పురవ్వలతో నడుచు పాత పద్ధతిలో అట్టి నియమము లేదు. అందు రెండు వలయముల కంపన వేగము సరిపోవుటయే ముఖ్యము. విద్యార్థులు సాధారణముగా చేయు ట్రాన్సిస్టరు పద్ధతిలో మాత్రము దిశకు ప్రాధాన్యము కలదు. ఇందు రెండవ చుట్ట యొక్క అడుగుకొస, విద్యుత్తును ఎప్పుడు పంపవలయునో, ఎప్పుడు ఆపవలయునో ట్రాన్సిస్టరుకు సంజ్ఞ నిచ్చును. దిశ తారుమారైనచో సంజ్ఞయు తారుమారగును. ట్రాన్సిస్టరు వేడెక్కును, ట్యూబు వెలుగదు. అంతమాత్రమున బాలలు దినమంతయు శ్రమించి చుట్టిన తీగను విప్పనక్కరలేదు. బ్యాటరీ తీసి, మొదటి చుట్ట కొసలు రెండింటిని ఒకదాని స్థానమున మరొకదానిని కలిపిన చాలును. మూడు ఫేజుల పంపు మోటారు వెనుకకు తిరిగినపుడు, ఎలక్ట్రీషియను సరఫరా నిలిపి రెండు తీగలు మార్చి సరిచేయుట మీరెరిగినదే.

ఇక భయపడవలసినది అధిక వోల్టేజికి. నియాను బోర్డుల ట్రాన్స్‌ఫార్మరుతో నడుచు కాయిల్‌లో వేల వోల్టులుండును. స్విచ్చి ఆపిన పిదప సైతము కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. అది ప్రాణాంతకము. అట్టి దానిని బాలల ప్రదర్శనకు అనుమతింపరాదు. చిన్న బ్యాటరీతో నడుచు దానిని ఉపాధ్యాయుని పర్యవేక్షణలో అనుమతింపవచ్చును. దాని రవ్వ తాకినను చర్మము కాలవచ్చును గనుక చుట్టును త్రాడు కట్టి ప్రేక్షకులను ఎడముగ నిలుపవలెను. గుండెకు పేస్‌మేకరు గలవారును, వినికిడి యంత్రము ధరించినవారును దరికి రారాదు.

సభ్యులారా! అనుమతి నిచ్చుటకు ముందు మీరడుగవలసినవి రెండు ప్రశ్నలు: ఇది దేనితో నడుచును? ప్రక్కన నిలుచు ఉపాధ్యాయుడెవరు? వీనికి తగిన సమాధానము లభించినచో, బాలల ఉత్సాహమునకు అడ్డు చెప్పక ప్రోత్సహింపుడని కోరుచున్నాము.